కంటి రంగు బ్రష్: అలంకారమా, పనిముట్టా?

ఐషాడో బ్రష్‌లు ఎలా ఎంచుకోవాలన్న విషయం మీద హక్కుల పత్రికలో వ్యాసమా అని కొందరు మిత్రులు నొసలు చిట్లిస్తారని నాకు తెలుసు. వరకట్న హత్యలు, భూమి పట్టాలు, కూలి రేట్లు, లైంగిక హింస - ఇన్ని సమస్యలుండగా కనురెప్పకి రంగు పూసే కుంచె గురించి మాట్లాడటమేమిటని అడుగుతారు. అడగనివ్వండి. వడ్రంగి ఉలి గురించో, దర్జీ కత్తెర గురించో, మేస్త్రీ తాపీ గురించో రాస్తే ఇదే మిత్రులు ఆ ప్రశ్న వెయ్యరు. ఎందుకంటే అవి పనిముట్లు. వాటిని పట్టుకున్నవాళ్ళు శ్రామికులు. కంటికి రంగు వేసే కుంచె మాత్రం సోకు. దాన్ని పట్టుకున్న ఆడది సోకులాడి, లేకపోతే సోకులాడికి సేవచేసే మనిషి! పనిముట్టుకీ సోకుకీ మధ్య ఈ గీత ఎవరు గీశారు? ఎవరి లాభం కోసం గీశారు?

నా వాదన సూటిగా చెప్తాను. ఏ అలంకరణకి ఏ బ్రష్ వాడాలో తెలిసి ఉండటం పని జ్ఞానం. దానిమీద బతికే స్త్రీలు ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో ఏ మండల కేంద్రానికి వెళ్ళినా కనిపిస్తారు. తన పనిముట్టుని తాను ఎంచుకునే హక్కు, దానితో ఎక్కడైనా పనిచేసే హక్కు, ఆ పనికి తగిన కూలి అడిగే హక్కు - ఈ మూడూ వాళ్ళకి దక్కటంలేదు. దక్కకుండా చేసింది ఒక్క మార్కెట్టే కాదు. మగ కార్మిక సంఘాలూ చేశాయి. స్త్రీల ఉపాధి పేరుతో శిక్షణ శిబిరాలు నడిపే సంస్థల చిన్నచూపూ చేసింది.

ముందు పనిముట్టు సంగతే మాట్లాడుకుందాం. దుకాణంలో పన్నెండు బ్రష్‌ల సెట్టు, పద్దెనిమిది బ్రష్‌ల సెట్టు అని పెట్టెలు పెట్టి అమ్ముతారు. 'పగటి లుక్', 'పార్టీ లుక్', 'పెళ్ళి లుక్' అంటూ ఒక్కో లుక్కుకీ ఒక్కో సెట్టు కావాలన్నట్టు ప్రచారం చేస్తారు. నిజానికి కంటి పనికి ఐదు బ్రష్‌లు చాలు. చదునుగా, ఒత్తుగా, అంచు గుండ్రంగా ఉండేది రెప్పమీద రంగు అద్దటానికి. గుబురుగా, మెత్తగా, కాస్త పొడవుగా ఉండేది రంగు అంచుల్ని చర్మంలో కలిపేయటానికి. దీన్నే పార్లర్లలో బ్లెండింగ్ బ్రష్ అంటారు. పెన్సిల్ మొనలా ఉండేది కింది రెప్ప అంచుకీ, కంటి మూలలకీ. ఏటవాలుగా కత్తిరించిన సన్నటిది గీత గియ్యటానికీ, కనుబొమ్మ దిద్దటానికీ. పొట్టిగా, బిర్రుగా ఉండేది కాటుకనీ ముదురు రంగునీ నలిపి పొగచూరినట్టు చెయ్యటానికి. స్మోకీ ఐ అనేది ఇదే.

ఉద్యోగానికి వెళ్ళే మనిషికి మొదటి రెండూ ఎక్కువే. పెళ్ళికూతురి కంటికి మెరుపు రంగు వెయ్యాలంటే గుబురు బ్రష్ పనికిరాదు, రజను చెంపలమీదికి రాలుతుంది. చదును బ్రష్‌ని కాస్త తడిచేసి అద్దాలి, లేదా వేలితో అద్దాలి. కూచిపూడి నర్తకి కన్ను ఆఖరి వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించాలి కాబట్టి గీతని సన్నటి బ్రష్‌తో కంటి చివర దాటించి లాగాలి, దాన్ని చెరపకూడదు, కలపకూడదు. అదే సినిమా క్లోజప్‌లో రంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియకూడదు కాబట్టి పనంతా కలిపే బ్రష్‌దే. పొడి రంగుని మేక వెంట్రుక, ఉడత వెంట్రుక కుచ్చులు బాగా పట్టుకుంటాయి. ముద్దలాంటి క్రీమ్ రంగుకి సింథటిక్ కుచ్చు మేలు. అది రంగుని పీల్చుకోదు, కడగటం తేలిక, త్వరగా ఆరుతుంది.

మరొక సంగతి. అమ్మకందార్ల పటాల్లో ఉండే కన్ను ఎక్కువసార్లు తెల్లటి చర్మం మీద, లోతుగా ఉన్న కన్ను. మన చామనచాయ, నలుపు రెప్పలమీద లేతరంగు పొడిని గుబురు బ్రష్‌తో విదిలిస్తే బూడిద పూసినట్టుంటుంది. ముందు చదును బ్రష్‌తో రంగుని ఒత్తి అద్ది, ఆ తర్వాతే అంచులు కలపాలి. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నల్లటి ముఖాలమీద ఏళ్ళ తరబడి పనిచేసిన స్త్రీలు చెప్పగా విన్నాను. చర్మం, వెలుతురు, దూరం, రంగు స్వభావం - ఇన్నిటిని లెక్కగట్టి క్షణంలో చెయ్యి ఏ బ్రష్ మీదికి పోవాలో నిర్ణయించుకోవటం జ్ఞానం కాదా? దీన్ని మగవాడు చేస్తే 'కళ' అంటాం, 'నైపుణ్యం' అంటాం. ఆడది చేస్తే 'చేతిఖర్చులకి ఏదో చేసుకుంటోంది' అంటాం.

ఇది మాటవరసకి అంటున్నది కాదు. మన రంగస్థల చరిత్రే సాక్ష్యం. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కట్టటాన్ని తెలుగుదేశం నెత్తిన పెట్టుకుంది, 1956లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడి భామాకలాపంలో అదే సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మకి అంతే గౌరవం దక్కింది. వాళ్ళ ప్రతిభని నేను తక్కువ చెయ్యటంలేదు. మగవాడు తన కన్నుని ఆడదాని కన్నుగా దిద్దుకోవటం మహావిద్య అని ఒప్పుకున్న సమాజమే, రంగు వేసుకుని స్టేజీ ఎక్కిన స్త్రీని కళాకారిణి అనటానికి ముందు ఏమేమి అందో మనందరికీ తెలుసు. కన్ను అదే, రంగు అదే, పాత్ర అదే. మారింది చెయ్యి ఒక్కటే.

మన దేశమే ఇలా ఉందనుకోనక్కర్లేదు. 2011లో జపాన్ స్త్రీల ఫుట్‌బాల్ జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. ప్రభుత్వం వాళ్ళకి జాతీయ గౌరవ పురస్కారం ఇచ్చి, దానితోపాటు జ్ఞాపికగా మేకప్ బ్రష్‌ల సెట్లు ఇచ్చింది! అవి హిరోషిమా ప్రాంతంలోని కుమానో ఊళ్ళో తయారయినవి. కుంచెలు కట్టటంలో తరాల నైపుణ్యం ఉన్న ఊరు అది. కుంచె కట్టిన పనివాళ్ళ విద్యకి ఆ గౌరవం తగినదే. కానీ మైదానంలో పరుగెత్తి, కాళ్ళు విరగ్గొట్టుకుని ప్రపంచాన్ని గెలిచిన స్త్రీలకి ఏమివ్వాలని ఆలోచించినప్పుడు ప్రభుత్వానికి తట్టింది ముఖానికి రంగులు పూసుకునే సామాను. బ్రష్‌కీ స్త్రీకీ మధ్య అలంకారం తప్ప మరో సంబంధం ఉండదన్న నమ్మకం అంత లోతుగా ఉంది.

ఇక కార్మిక సంఘాల సంగతికి వద్దాం. హిందీ సినిమా పరిశ్రమలో దశాబ్దాలపాటు ఒక కట్టడి నడిచింది. అక్కడి దుస్తులు, మేకప్, కేశాలంకరణ పనివాళ్ళ సంఘం మేకప్ ఆర్టిస్టు కార్డు మగవాళ్ళకే ఇచ్చేది. ఆడవాళ్ళు హెయిర్ డ్రెస్సర్లుగా మాత్రమే ఉండాలి. కార్డు లేనిదే సెట్లో అడుగుపెట్టనివ్వరు. అంటే నుదుటిమీద జుట్టు మొదలయ్యే చోట ఒక సరిహద్దు గీశారు. ఆ గీతకి పైన దువ్వెన ఆడవాళ్ళది, కింద బ్రష్ మగవాళ్ళది! నుదుటి రాత అంటే ఇదే కాబోలు. కథానాయిక జడ అల్లే స్త్రీ అదే కథానాయిక కంటికి గీత గియ్యబోతే నేరం.

చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్టు అమెరికాలో ఈ విద్య నేర్చుకుని వచ్చి 2009లో సభ్యత్వం అడిగితే సంఘం తిరస్కరించింది. ఆమె స్త్రీ అన్నది ఒక కారణం, మహారాష్ట్రలో ఐదేళ్ళ నివాసం లేదన్నది ఇంకో కారణం. కార్డు లేకుండా పనిచేసినందుకు జరిమానా కూడా వేశారు. ఆమె, మరికొందరు స్త్రీలు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 2014 నవంబరు 10న జస్టిస్ దీపక్ మిశ్రా, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్‌ల ధర్మాసనం ఆ నిబంధనలు రెండింటినీ కొట్టేసింది. స్త్రీ అన్న కారణంతో పనిని నిరాకరించటం రాజ్యాంగం ఇచ్చిన సమానత్వానికీ, వృత్తి స్వేచ్ఛకీ, గౌరవంగా బతికే హక్కుకీ విరుద్ధమని చెప్పింది. వాళ్ళకి సభ్యత్వం ఇమ్మని ఆదేశించింది.

సంఘం చేసిన వాదన మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. స్త్రీలని మేకప్ పనిలోకి రానిస్తే మగవాళ్ళ పొట్టకొట్టినట్టవుతుందట! నాటినుంచి నేటిదాకా ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా స్త్రీలు విన్న మాటే ఇది. స్త్రీకి పొట్ట ఉండదా? ఆమె సంపాదనమీద బతికే పిల్లలు ఉండరా? కార్మికులందరి ఐక్యత గురించి మాట్లాడే సంఘం సగంమంది కార్మికుల్ని గేటు బయట నిలబెట్టి ఐక్యత సాధిస్తుందా? ఈ తీర్పు వచ్చినప్పుడు వార్తాపత్రికలు బాగానే రాశాయి. కానీ స్త్రీల కార్మిక హక్కుల గురించి మనం పెట్టుకునే సభల్లో, శిక్షణ తరగతుల్లో ఈ కేసు ప్రస్తావన నేను చాలా అరుదుగా విన్నాను. విశాఖ తీర్పు పేరు తెలియని కార్యకర్త ఉండదు. చారు ఖురానా కేసు ఎందుకు తెలియదు? మేకప్ కాబట్టి. అంతే.

తీర్పుతో తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళటం వేరే సంగతి. సినిమా పనివేళలు తెల్లవారుజామున మొదలవుతాయి. నటి కెమెరా ముందుకి రావటానికి గంటలముందే మేకప్ మనిషి అక్కడ ఉండాలి. రాత్రి ప్యాకప్ చెప్పాక బ్రష్‌లు కడిగి సర్దుకుని బయటపడేసరికి బస్సులుండవు. కథానాయికకి క్యారవాన్ ఉంటుంది, ఆమె కంటికి రంగువేసిన మనిషికి మరుగుదొడ్డి ఉండదు. కేరళలో జస్టిస్ హేమ కమిటీ - మన తెనాలి ఆడపడుచు, నటి శారద అందులో సభ్యురాలు - 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ జనం ముందుకి రాలేదు. లైంగిక వేధింపులతోపాటు మరుగుదొడ్లు లేకపోవటం, బట్టలు మార్చుకునే చోటు లేకపోవటం, రాతపూర్వక ఒప్పందాలు లేకపోవటం గురించి కూడా అది చెప్పింది. తెలుగు సినిమా రంగంలో వేధింపుల సమస్య మీద 2019లో తెలంగాణ ప్రభుత్వం వేసిన కమిటీ కృషిని కూడా బయటపెట్టాలని నటి సమంత 2024లో బహిరంగంగా కోరవలసి వచ్చింది. నటీమణుల గొంతే ఇంత కష్టంగా వినబడితే, వాళ్ళ వెనక బ్రష్‌లపెట్టె మోసే స్త్రీ గొంతు ఎవరికి వినిపిస్తుంది?

సినిమా కొద్దిమంది సంగతి. చాలామంది సంగతి పార్లర్లది. ఇక్కడ స్వచ్ఛంద సంస్థల మిత్రులతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. స్త్రీల స్వయం ఉపాధి అనగానే మన సంస్థలకి మూడే గుర్తొస్తాయి: కుట్టుమిషను, పచ్చళ్ళు, బ్యూటీషియన్ కోర్సు. నిధులిచ్చేవాళ్ళకి కూడా ఇవే నచ్చుతాయి. ఖర్చు తక్కువ, ఫోటో బాగుంటుంది, ఇంటి మగవాళ్ళకి అభ్యంతరం ఉండదు. డ్రైవింగో, విద్యుత్ పనో నేర్పిస్తామంటే వచ్చే ఎదురుదెబ్బ దీనికి రాదు.

సరే, బ్యూటీషియన్ కోర్సే నేర్పండి. కానీ ఎలా నేర్పుతున్నారు? నేను పరిశోధన కోసం తిరిగిన శిక్షణ కేంద్రాల్లో ఇరవైమంది స్త్రీలకి ఒక్క బ్రష్‌ల సెట్టు పెట్టి నేర్పటం చూశాను. చదును బ్రష్‌కీ గుబురు బ్రష్‌కీ తేడా గోడమీద పటంలో చూపించారు తప్ప చేతికి ఇచ్చి తమ పక్కమనిషి కంటిమీద పదిసార్లు చేయించలేదు. కోర్సు చివర ఒక సర్టిఫికెట్టు, ఒక గ్రూప్ ఫోటో. ఆ సర్టిఫికెట్టు పట్టుకుని పార్లర్‌కి వెళ్తే ముందు ఊడవమంటారు, తర్వాత కనుబొమ్మల దారం ఇస్తారు. కంటి రంగు బ్రష్ చేతికి రావటానికి ఏళ్ళు పడుతుంది. ఎందుకంటే పెళ్ళి మేకప్పులో డబ్బుంది, డబ్బున్న పని యజమాని చేతిలో ఉంటుంది. దారం పని, వ్యాక్సింగు పని, కాళ్ళు రుద్దే పని కింది మనిషివి. ఇతరుల శరీరాన్ని ముట్టుకునే పని మన సమాజంలో ఎప్పుడూ కులంతో ముడిపడే ఉంది. పార్లర్ అద్దాల తలుపుల వెనక కూడా ఎవరు ముఖానికీ, ఎవరు పాదాలకీ అన్న విభజన మాయం కాలేదు.

బ్రష్ ఎంపిక అంటే సౌందర్య శాస్త్రం మాత్రమే కాదు, పెట్టుబడి లెక్క, ఆరోగ్యం లెక్క కూడా. ఒకరి కంటిమీద వాడిన బ్రష్ కడగకుండా ఇంకొకరి కంటిమీద పెడితే కళ్ళకలక అంటుకుంటుంది. 2023 వర్షాకాలంలో తెలుగు రాష్ట్రాల్లో కళ్ళకలక ఇంటింటా వ్యాపించింది మనకి గుర్తుంది. బ్రష్‌ని తేలికపాటి సబ్బునీళ్ళతో కడగాలి. కుచ్చుని పిడికి అతికించిన లోహపు పట్టీలోకి నీళ్ళు పోతే జిగురు వదులైపోతుంది కాబట్టి నిలబెట్టి ఆరబెట్టకూడదు, పడుకోబెట్టాలి. గుబురు బ్రష్ పూర్తిగా ఆరటానికి రాత్రంతా పడుతుంది. మరి ఒకే ముహూర్తానికి పెళ్ళికూతురూ, తోడపెళ్ళికూతురూ, ఆడపడుచులూ - ఐదారుగురు కూర్చుంటే ఏం చెయ్యాలి? రెండో సెట్టు, మూడో సెట్టు ఉండాలి. ఆ సెట్టు ఎవరు కొనాలి? నాతో మాట్లాడిన ఒక పార్లర్ ఉద్యోగిని, బ్రష్‌లు కడిగే టైము ఇవ్వమంటే యజమానురాలు కసిరిందని, ఆ తర్వాత ఒక ఖాతాదారుకి కన్ను వాచినప్పుడు తన జీతమే కోసిందని చెప్పింది. తప్పు ఎవరిది? శిక్ష ఎవరికి? ఇది అలంకరణ సమస్యా, కార్మిక హక్కుల సమస్యా?

ఇప్పుడు కొత్త యజమాని వచ్చాడు. ఆయన ముఖం కనిపించదు, ఫోనులో ఉంటాడు. ఇంటికే వచ్చి అలంకరణ చేసే సేవలు అమ్మే యాప్ కంపెనీలు ఈ స్త్రీలని 'భాగస్వాములు' అంటాయి. ఆ భాగస్వామ్యం ఎంతటిదో 2021లో గురుగ్రామ్‌లో తెలిసింది. అర్బన్ కంపెనీలో పనిచేసే బ్యూటీషియన్లు కమీషన్లు, జరిమానాలు భరించలేమని, కంపెనీ దగ్గరే సరుకు కొనాలన్న ఒత్తిడి వద్దని ఆ అక్టోబరులో రోడ్డెక్కారు. డిసెంబరులో మళ్ళీ ఆఫీసు ముందు కూర్చున్నప్పుడు కంపెనీ తన 'భాగస్వాముల' మీదే కోర్టుకి వెళ్ళింది. చూశారా, పరిస్థితి ఎలా తిరిగిందో! సినిమా సంఘం బ్రష్ పట్టుకోనివ్వలేదు. పార్లర్ యజమాని బ్రష్ కొనివ్వడు. యాప్ కంపెనీ తను చెప్పిన సామానే కొనిపించి ఆ ఖర్చు ఆమె నెత్తినే వేస్తుంది. మూడు చోట్లా ఒక్కటే కరువు. పని చేసే మనిషికి తన పనిముట్టు మీద నిర్ణయం లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. రావాలి కూడా. స్త్రీ శరీరాన్ని సరుకుగా మార్చే పరిశ్రమకి మీరు కార్మికుల పేరుతో సమర్థన ఇస్తున్నారా అని. 1994లో ఇద్దరు భారతీయ యువతులకి విశ్వసుందరి, ప్రపంచసుందరి కిరీటాలు దక్కాక సౌందర్య సాధనాల మార్కెట్టు ఎలా ఎగబడిందో మనం చూశాం. టాటాలు 1952లో మొదలుపెట్టిన లాక్మే 1990ల చివరికి హిందుస్థాన్ లీవర్ చేతిలోకి పోవటం కూడా ఆ కథలో భాగమే. 1996లో బెంగుళూరు ప్రపంచసుందరి పోటీల్ని స్త్రీల సంఘాలు వ్యతిరేకించాయి. ఆ వ్యతిరేకత న్యాయమైనది. సంస్కృతి పేరు చెప్పి అదే పోటీల్ని వ్యతిరేకించిన మతవాదుల నుంచి తమని తాము వేరుచేసి చూపించుకోవటానికి ఆ సంఘాలు ఎంత శ్రమపడ్డాయో తెలుసు.

అవే పోటీలు 2025 మే నెలలో మన హైదరాబాదుకే వచ్చాయి. రామప్ప గుడి దగ్గర పోటీదారుల కాళ్ళు స్థానిక స్త్రీలతో కడిగించారని పెద్ద దుమారం రేగింది. రేగాల్సిందే. పోటీదారు అయిన ఇంగ్లండు యువతి మధ్యలోనే వదిలేసి వెళ్ళిపోయి, తమని ఎలా చూశారో తన దేశంలో చెప్పింది. అది కూడా చర్చకి వచ్చింది. కానీ ఆ వారాల్లో అన్ని కళ్ళకి రంగులు దిద్దిన చేతులెవరివి, వాళ్ళ పనిగంటలెన్ని, వాళ్ళకి ఎంతిచ్చారు అన్న ప్రశ్న ఎవరైనా వేసినట్టు నాకు కనబడలేదు. కాళ్ళు కడిగిన చెయ్యి మనకి కనిపించింది. కంటికి గీత గీసిన చెయ్యి కనిపించలేదు. ఆ చేతిని చూడటానికి అందాల పోటీని సమర్థించనక్కర్లేదు. సారా తాగటాన్ని వ్యతిరేకించినంత మాత్రాన కల్లుగీత కార్మికుడు చెట్టుమీంచి పడితే నష్టపరిహారం అడగొద్దంటామా? బీడీ ఆరోగ్యానికి చేటు కాబట్టి బీడీలు చుట్టే స్త్రీలకి కనీస వేతనం వద్దంటామా? నిజామాబాదు, కరీంనగరు జిల్లాల బీడీ కార్మిక స్త్రీల పక్కన నిలబడ్డవాళ్ళకి ఈ తేడా విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అమ్మకపు మాయని ఎదిరించటం ఒక పోరాటం. ఆ మార్కెట్టులో చెమటోడ్చే స్త్రీకి కూలి ఇప్పించటం ఇంకో పోరాటం. రెండూ మనవే.

అంతేకాదు, బ్రష్ గురించి తెలిసిన స్త్రీయే మార్కెట్టు మాయని బాగా ఛేదించగలదు. ఐదు బ్రష్‌లు చాలని తెలిసినదానికి పద్దెనిమిది బ్రష్‌ల పెట్టె ఎవరూ అంటగట్టలేరు. మెరుపు రంగుకి వేలు చాలని తెలిసినది అనవసరంగా డబ్బు తగలెయ్యదు. మన అమ్మమ్మలు ఆముదపు దీపం మసితో కాటుక పట్టి, భరిణెలోంచి వేలితో తీసి దిద్దుకున్నారు. ఏ కంపెనీ వాళ్ళకి 'లుక్' అమ్మలేకపోయింది. అజ్ఞానాన్ని అమ్ముకునే వ్యాపారానికి జ్ఞానమే విరుగుడు. 'అది సోకు, మనం దాని జోలికి పోవద్దు' అని తప్పుకుంటే ఆ జ్ఞానాన్ని కంపెనీ ప్రచారకులకి అప్పజెప్పినట్టే.

కాబట్టి ఏం చెయ్యాలి? బ్యూటీషియన్ శిక్షణ నడిపే సంస్థలు ముందు తమ శిక్షణని తామే పరీక్షించుకోవాలి. నేర్చుకునే ప్రతి స్త్రీ చేతికీ తన సొంత బ్రష్‌లు ఇవ్వండి. పద్దెనిమిది అక్కర్లేదు, కడిగి వాడుకోగలిగిన ఐదు సింథటిక్ బ్రష్‌లు రెండు సెట్లు ఇవ్వండి. ఆ ఖర్చుని బడ్జెట్‌లో ఫోటోల ఖర్చుకంటే ముందు రాయండి. ఏ కంటికి, ఏ రంగుకి, ఏ సందర్భానికి ఏ బ్రష్ అన్నది మన చర్మాలమీద, మన ముఖాలమీద చేయించి నేర్పండి. పెళ్ళి మేకప్పుకి ఎంత అడగాలో లెక్కగట్టటం నేర్పండి: రంగుల ఖర్చు, బ్రష్‌ల అరుగుదల, ప్రయాణం, తెల్లవారుజాము పనిగంటలు - అన్నీ కలిపి.

ఆ తరగతిలోనే చట్టం కూడా చెప్పండి. పార్లర్ కూడా దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వస్తుందని, అందులో పనిచేసే మనిషికి సెలవులు, పనిగంటల పరిమితి ఉన్నాయని చెప్పండి. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం పార్లర్‌కీ, సినిమా సెట్టుకీ, మేకప్ కోసం వెళ్ళిన ఇంటికీ వర్తిస్తుందని చెప్పండి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ళని గుర్తించింది. ఆ గుర్తింపు కాగితం మీదనుంచి వాళ్ళ చేతిలోకి రావాలంటే సంఘం పెట్టుకోవాలని చెప్పండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇచ్చాయి. రోజంతా నిలబడి ఒక్కో కంటిమీదికి వంగే స్త్రీలకి ఆ హక్కు మన రెండు రాష్ట్రాల్లోనూ కావాలని అడుగుదాం. చారు ఖురానా తీర్పుని తెలుగులో నాలుగు పేజీల కరపత్రంగా వేసి, కృష్ణానగర్ సందుల్లో, ప్రతి పార్లర్ శిక్షణ కేంద్రంలో పంచుదాం. సినిమా రంగంలోని ఇరవైనాలుగు క్రాఫ్టుల సంఘాల్ని ఒక్కటే ప్రశ్న అడుగుదాం: మీ మేకప్ విభాగంలో కార్డున్న స్త్రీలెందరు? ఆ సంఖ్య రాతపూర్వకంగా ఇవ్వండి.

ఈ పనులకి పెద్ద నిధులు అక్కర్లేదు. వచ్చే మూడు నెలల్లో మీ సంస్థ శిక్షణ కేంద్రంలో ఎన్ని బ్రష్‌లున్నాయో, ఎందరు స్త్రీలున్నారో లెక్కపెట్టండి. గత ఏడాది సర్టిఫికెట్లు తీసుకున్నవాళ్ళు ఇవాళ ఎక్కడ, ఎంతకి పనిచేస్తున్నారో వెళ్ళి కనుక్కోండి. ఆ వివరాలు ఈ పత్రికకి రాసి పంపండి. ఫోటోలు వద్దు, జీతాల లెక్క పంపండి.